ప్రసూతి గదిలో రోడ్డు రోలరు

ప్రసూతి గదిలో పది టన్నుల రోడ్డు రోలరు పెట్టిన ఘనత మా శాఖది. దాన్ని అక్కడ పెట్టడానికి ఆధారమైన లెక్క నాది. ఈ మాట చెప్పగానే ఇప్పటి కుర్ర ఇంజనీర్లు నవ్వుతారు. కాసేపటికి నా ముఖం చూసి, ముసలాయనకు మతి తప్పుతోందేమోనన్న అనుమానంతో నవ్వు ఆపుకుంటారు. నా మతికేం ఢోకా లేదు. లెక్క కూడా తప్పు కాదు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

అరవైల తొలి రోజుల మాట. నేను గోదావరి జిల్లా నుంచి ప్రభుత్వ రోడ్లు భవనాల శాఖలో జూనియర్ ఇంజనీరుగా జహీరాబాదు వచ్చాను. కొత్తగా పెళ్లయింది. మా ఆవిడకు ఆ ఊరి మాట అర్థం కావడానికి కొన్నాళ్లు పట్టింది. నాకు ఆ ఊరి మట్టి అర్థం కావడానికి ఇంకా ఎక్కువ పట్టింది.

జహీరాబాదు చుట్టూ రెండు రకాల నేల. కోహీర్ వైపు వెళ్తే ఎర్ర మొరం, గులకరాళ్లు కలిసిన గట్టి మట్టి. దాని మీద ఇల్లు కడితే, కట్టినవాడు మరిచిపోయినా ఇల్లు నిలబడే ఉంటుంది. ఝరాసంగం వైపు వెళ్తే నల్లరేగడి. జొన్నకూ శనగకూ పత్తికీ అది బంగారం లాంటి నేల. భవనాలకు మాత్రం పడదు. ఎండాకాలంలో చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చి రాయిలా బిగుసుకుంటుంది. వానలు పడగానే నీళ్లు తాగి ఉబ్బుతుంది. ఉబ్బేటప్పుడు పైన శనగ ఉందా, సర్కారు భవనం ఉందా అని చూడదు. ఏదుంటే దాన్ని ఎత్తేస్తుంది.

ఆ ఝరాసంగం దారిలో ఒక ఊళ్లో మా శాఖ చిన్న ప్రసూతి కేంద్రం కట్టింది. ఊరి పేరు చెప్పను. ముందు ఒక చిన్న గది, వెనక ఒక పెద్ద గది, వరండా. కాన్పులన్నీ పెద్ద గదిలోనే. పునాది తవ్వింది మండు వేసవిలో. గడ్డపార దిగనంత గట్టి నేల దొరికిందని మా వాళ్లంతా సంబరపడ్డారట. నేను ఉద్యోగంలో చేరేసరికి సున్నం కూడా వేసేశారు.

ఆ కేంద్రానికి ఒక నర్సమ్మ ఉండేది. జహీరాబాదులోనే ఒక క్రైస్తవ కుటుంబంలో పుట్టినావిడ. నలభై దాటి ఉంటాయి. తెల్లచీర, చేతిలో ఎప్పుడూ గొడుగు. ఏళ్ల తరబడి పశువుల కొట్టాల్లో, చొప్ప మోపుల పక్కన కాన్పులు చేసిన మనిషి. నాలుగు గోడలూ ఒక కప్పూ కావాలని పంచాయతీ సమితి ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి ఆ భవనం సాధించింది. అందుకే దాన్ని ఎప్పుడూ 'నా దవాఖాన' అనే అనేది.

వానలు మొదలైన కొన్నాళ్లకు ఆవిడ మా ఆఫీసుకు వచ్చింది. గొడుగు మూసి, మా ఇంజనీరుగారి బల్లకు ఆనించి, నిలబడే చెప్పింది.

"సారూ, మీ జమీను కడుపుతోని ఉన్నది. జర వచ్చి చూడుండ్రి."

జీపులో వెళ్లాం. పెద్ద గది మధ్యలో గచ్చు బోర్లించిన మూకుడులా పైకి లేచి ఉంది. కాన్పు మంచం ఇనపది, కాళ్లకు చిన్న చక్రాలున్నది. మధ్యలో పెట్టి వదిలితే చాలు, గోడ దాకా తనంతట తానే దొర్లుకుంటూ పోతోంది. నర్సమ్మ దాన్ని పశువును కట్టేసినట్టు పలుపుతాడుతో కిటికీ ఊచకు కట్టేసింది.

"మొన్న ఒకామె కాన్పు కాంగనే తాడు తెగింది సారూ. మంచం అటు ఉరికింది, నేను ఎంబడి ఉరికిన. తల్లి భయపడ్డది. పిల్లగాడు మాత్రం మంచిగ నవ్విండు" అంది ఆవిడ.

మా ఇంజనీరుగారు హైదరాబాదు మనిషి. మంచివారు, ధైర్యస్తులు, నా మీద అభిమానం ఉన్నవారు. ఆయనకు ఒకే ఒక్క బలహీనత. అంకె చెబితే వెంటనే నమ్మేసేవారు. అంకె లేకుండా ఏం చెప్పినా 'అది కవిత్వం' అని కొట్టిపారేసేవారు. ఉబ్బిన గచ్చు చుట్టూ ఒకసారి తిరిగి నన్ను అడిగారు.

"ఉబ్బింది, సరే. ఎంత జోరుతోని ఉబ్బింది? చదరపు అడుక్కు ఎంత? ముందుగాల అది చెప్పు."

ఆ ప్రశ్న వినగానే నాకు పండగలా అనిపించింది. ఎందుకో చెప్పాలంటే కొంచెం మట్టి సంగతి చెప్పాలి, ఓపిక పట్టండి.

నల్లరేగడి ఎంత బలంతో ఉబ్బుతుందో నిజంగా కొలవాలంటే ఆ రోజుల్లో మట్టిముద్దను పదిలంగా తీసి హైదరాబాదు పంపాలి. అక్కడ దానికన్నా ముందు పెద్ద పెద్ద ఆనకట్టల మట్టి వరసలో ఉంటుంది. మన వంతు వచ్చేసరికి వానాకాలం పోయి మళ్లీ వస్తుంది. అంతదూరం పోకుండా, ఏ మూలనైనా చేయగల చిన్న పరీక్షలతో ఆ బలాన్ని ముందే అంచనా వేయలేమా అన్నది కాలేజీ నాటి నుంచీ నా బుర్రలో తిరుగుతున్న ఆలోచన. మట్టి ఎంత నీటికి జావలా జారుతుంది, ఎంత నీటికి పురితిప్పితే విరుగుతుంది, ఈ రెండింటి మధ్య తేడా ఎంత అన్నది చూడాలి. ఆ తేడా ఎంత పెద్దదైతే మట్టికి అంత పొగరు. దానికి మట్టి ఎంత పొడిగా ఉంది, ఎంత బిగువుగా ఉంది అన్నవి కూడా కలిపితే ఒక అంకె వస్తుందని నా నమ్మకం. ఆ అంకె కోసం నన్ను అడిగినవాళ్లు అంతవరకూ ఎవరూ లేరు.

ఆఫీసులో చోటు లేదు. ఇంట్లోనే మొదలుపెట్టాను. వంటింటి గోడ పక్కన ఇత్తడి గిన్నె పరికరం పెట్టుకుని, తడిమట్టి వేసి, మధ్యలో గాడి గీసి, పిడి తిప్పేవాణ్ణి. గిన్నె టకటకా కింద పడుతుంది. గాడి ఎన్ని దెబ్బలకు కలిసిపోతుందో లెక్కపెట్టాలి. మా ఆవిడ 'పప్పులో ఉప్పు చాలిందా' అని అడిగితే నేను 'పదిహేడు' అనేవాణ్ణి. తరవాత అద్దపు పలక మీద మట్టిని అరచేత్తో సన్నగా పాముతూ పోవాలి. అగ్గిపుల్ల కన్నా కాస్త లావుగా ఉండగా అది విరగాలి. ప్రవక్త పుట్టినరోజు పండగ దగ్గర పడుతున్న రోజులవి. మేం ఖాలా అని పిలిచే పక్కింటి పెద్దావిడ గోడ మీదుగా తొంగిచూసి మా ఆవిడను అడిగింది.

"ఏం బేటీ, మీ ఆయన సెవయ్యా చేస్తున్నడా? గంత నల్లగున్నయేంది?"

మా ఆవిడ తెలివైనది. "రాగివి, ఖాలా" అంది. ఆ పండక్కి మా ఇంటికి తెల్లని సేమియా గిన్నెడు వచ్చింది, జాలిపడి పంపినట్టుంది.

ఇంకో చిన్న ఉపకరణం కూడా నేనే చేశాను. ఇత్తడి వలయంలో పొడిమట్టి బిగించి, మీద మూత పెట్టి, నీళ్లు పోసి, మూత లేవకుండా ఒక కర్ర మీట చివర కిరాణా కొట్టు తూకపు రాళ్లు వేలాడదీస్తూ పోయాను. మట్టి ఉబ్బుతున్న కొద్దీ రాళ్లు కలపాలి. రాళ్లు చెప్పిన బలం, నా లెక్క చెప్పిన బలం దాదాపు ఒకటే అయ్యాయి. ఆ సాయంత్రం నేను వీధిలో నడిచిన తీరు చూసి, ప్రమోషన్ వచ్చిందా అని ఇద్దరు ముగ్గురు అడిగారు.

మర్నాడు ఇంజనీరుగారికి చెప్పాను.

"చదరపు అడుగుకు సుమారు ఒక టన్ను సార్."

"సుమారంటె?"

"కాస్త అటూ ఇటూ సార్."

"అటా, ఇటా?"

"అటే అనుకుంటాను సార్."

ఆయన కుర్చీలోంచి లేచి కిటికీ దాకా వెళ్లి వచ్చారు.

"మట్టి మీదికి తోస్తున్నది టన్ను. మనం కిందికి తోస్తున్నదెంత? గచ్చు బరువు, మంచం బరువు, నర్సమ్మ బరువు. ఏమున్నదక్కడ? అరే భాయ్, అటు టన్నున్నప్పుడు ఇటు టన్ను పెడితె అయిపాయె! ఉబ్బింది ఎంత మేర?"

"పైకి కనిపించేది పది చదరపు అడుగులుంటుంది సార్, మధ్యలో..."

"పది టన్నులు." ఆయన ముఖం వెలిగిపోయింది. "చిరాగ్‌పల్లి కాడ రోడ్డు పక్కన నిజాం కాలపు రోలరున్నది చూడు, ఆవిరిది, చెడిపోయింది. దాని బరువెంత?"

దాని బరువు పది టన్నులు. ఆ సంగతి దాని పొట్ట మీద ఇత్తడి రేకులో పోతపోసి ఉంది.

నేను అడ్డం చెప్పకపోలేదు. ఉబ్బేది ఆ మధ్య మేర ఒక్కటే కాదనీ, గది మొత్తం, గోడల కిందా గడప కిందా కూడా ఉబ్బుతుందనీ, మధ్యలో ముందుగా కనబడిందంతేననీ చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "నీ లెక్క మీద నీకు నమ్మకమున్నదా, లేదా?" అని అడిగారు. పెళ్లై ఏడాది కాని, ఉద్యోగంలో చేరి ఏడాది కాని కుర్రవాణ్ణి అలా అడిగితే ఏం చెబుతాడు? ఉందన్నాను.

"మరింకేంది ఫికర్? బండలు కొననీకి గ్రాంటు లేదు. రోలరు మనదే."

వానలు కాస్త తెరిపి ఇచ్చిన రోజుల్లో, ఎడ్ల జతలు కట్టించి, కింద కర్రదుంగలు పరిపించి, దాన్ని ఆ ఊరికి లాగించారు. లోపలికి పోవాలంటే తలుపు సరిపోదు. వెనక గోడ తీయించారు. కప్పుకు తగులుతోందని పొగగొట్టం విప్పించారు. రోలరు గది మధ్యలో, లేచిన గచ్చు మీద సరిగ్గా కూర్చున్నాక వెనక గోడ మళ్లీ కట్టించారు. మేస్త్రీ ఆఖరి రాయి పెట్టబోతూ ఆగి, "సారూ, రేపెప్పుడన్న దీన్ని తియ్యాల్నంటె ఎట్ల?" అని అడిగాడు.

"తీసుడెందుకు?" అన్నారు మా ఇంజనీరుగారు.

ఊరి పెద్దమనిషి ఒకాయన వరండాలో నిలబడి, తలపాగా సర్దుకుంటూ, లోపలికి చూసి చూసి, నన్ను పక్కకు పిలిచాడు.

"సారూ, ఇది ఏ రోగానికి?"

నర్సమ్మ మాత్రం మంచాన్ని మూలకు జరిపించుకుని, రోలరుకూ మంచానికీ మధ్య తాడు కట్టి దుప్పటి ఆరేసి తెరగా చేసుకుంది. విప్పిన పొగగొట్టాన్ని వరండాలో అడ్డంగా పడేసి, దాని మీద తువ్వాళ్లు ఆరబెట్టుకునేది. జహీరాబాదు వచ్చినప్పుడల్లా మా ఇంట్లో చాయ్ తాగేది. చాయ్ తాగినంతసేపూ మా శాఖను తిట్టేది. మా ఆవిడకు ఆ తిట్లంటే ప్రాణం. అర్థం కాని మాటలు నన్ను అడిగి తెలుసుకునేది.

మళ్లీ వానలు ముదిరాయి. నేను వారానికోసారి వెళ్లి దారం కట్టి చూసేవాణ్ణి. రోలరు కింద గచ్చు వేలెడు కూడా లేవలేదు. నా లెక్క నిలబడింది! ఇంటికి పరుగున వచ్చి మా ఆవిడకు చెప్పాను.

"మరి మిగతా గది?" అని అడిగింది.

మిగతా గది లేచింది. మధ్యలో రోలరు కదలకుండా కూర్చుంటే, చుట్టూ నాలుగు వైపులా గచ్చు పైకి వచ్చింది. రోలరు ఒక గుంటలో ఉన్నట్టు, నర్సమ్మ ఒక గట్టు మీద ఉన్నట్టు తయారైంది. గోడల్లో కుంకుమభరిణె దూరేంత సందులు పడ్డాయి. తలుపు చట్రం ఒక పక్కకు వాలింది. తలుపును భుజంతో నెట్టి తెరవాలి, మడమతో తన్ని మూయాలి. మరీ గట్టిగా మూస్తే మళ్లీ తెరవడానికి ఇద్దరు మగవాళ్లు కావాలి. అందుకని అది ఎప్పుడూ ఓరగానే ఉండేది.

అప్పుడు వచ్చింది కబురు. ప్రసూతి గదిలో రోలరేమిటని సమితి సభ్యుడొకరు పైకి ఫిర్యాదు చేశారు. మా శాఖ సూపరింటెండింగ్ ఇంజనీరుగారు స్వయంగా చూడటానికి వస్తున్నారు. భవనం పనికిరాదని ఆయన రాస్తే కేంద్రం మూతపడుతుంది, నర్సమ్మను ఇంకెక్కడికో వేస్తారు. ఆ సంగతి చెప్పినప్పుడు ఆవిడ మొదటిసారి తిట్టలేదు. చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

"మూసుడు అల్కగనే మూస్తరు" అంది చివరికి. "వానల్ల బండి కట్టుకొని జహీరాబాద్ పోవాల్నంటె ఎట్లుంటదో మీకెరికేనా? పోయినేడు ఒకామె తొవ్వలనే పోయింది. చక్రం దిగబడ్డది. నేను చేరేటాళ్లకు అయిపోయింది."

ఆయన వచ్చిన రోజు పొద్దుటి నుంచీ ముసురే. పొడుగాటి మనిషి, కోటు వేసుకున్నారు, మాట తక్కువ. గది గుమ్మంలో నిలబడి రోలరును చాలాసేపు చూశారు. చుట్టూ తిరిగారు. ఇత్తడి రేకు చదివారు. మా ఇంజనీరుగారు టన్నుల లెక్క చెబుతుంటే తల ఊపారు కానీ ఔననా కాదనా తెలియలేదు. కప్పులో ఒక పగులు కనబడితే, దగ్గరగా చూడాలని రోలరెక్కి, అవతలి వైపు డ్రైవరు ఆసనం దగ్గర నిలబడ్డారు.

సరిగ్గా అప్పుడే వరండా ముందు ఎద్దుల బండి ఆగింది. నొప్పులు పడుతున్న అమ్మాయిని అత్తగారూ నర్సమ్మా చెరో పక్కా పట్టుకుని దాదాపు మోసుకొచ్చారు. నర్సమ్మ గుమ్మంలోంచే కేకేసింది.

"జల్ది బయటికి పోండి! అందరు పోండి!"

మా ఇంజనీరుగారూ నేనూ ఎలా బయటపడ్డామో తెలియదు. నర్సమ్మ వెనక్కి చూడకుండా మడమతో తలుపు తన్నింది. అది మూసుకున్న చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. పై చట్రం ఇంత కిందికి జారి తలుపు మీద కూర్చుంది.

"సార్ ఎక్కడున్నరు?" అన్నారు మా ఇంజనీరుగారు.

లోపలి నుంచి సన్నగా దగ్గు వినిపించింది.

మేస్త్రీ గడ్డపార పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. తలుపు మీద ఒక్క దెబ్బ వేశాడో లేదో నర్సమ్మ గొంతు లేచింది. "తలుపు ముట్టిన్రంటె చూడుండ్రి! ఈడ బిడ్డ తల కనవడుతున్నది. పెళ్ల గిట్ల ఊడి మీద వడితె ఎవరిది జిమ్మెదారి?"

మేస్త్రీ గడ్డపార కింద పెట్టేశాడు. కిటికీకి ఊచలు. వెనక గోడ మేమే కట్టించాం. ఇంజనీరుగారూ నేనూ చూరు కింద కిటికీకి వీపు పెట్టి నిలబడ్డాం. వాన మా బూట్ల మీద పడుతోంది. లోపలి మాటలన్నీ వినబడుతున్నాయి.

"సారూ, మీరు గోడ దిక్కు మొకం పెట్టి గా సీటు మీదనే కూసోండి. ఇటు తిరుగొద్దు."

"అమ్మా, నేను హైదరాబాదు నుంచి..."

"యాడికెల్లి వచ్చినా గంతే సారూ. కూసోండి."

ఆయన కూర్చున్న చప్పుడైంది. ఇనప ఆసనం కిర్రుమంది. కాసేపటికి అత్తగారి గొంతు.

"డ్రైవర్ బిడ్డా, ఉత్తగనే కూసున్నవ్ గద. గా ఇంజన్ల జరన్ని నీళ్లు కాగవెట్టరాదు?"

"ఇది పని చేయదమ్మా."

"మరి నువ్వెందుకు కూసున్నవ్ దాని మీద?"

ఆ ప్రశ్న నిజానికి మా శాఖకు వేయాల్సింది. పక్కనే మా ఇంజనీరుగారు కళ్లు మూసుకున్నారు.

అమ్మాయి అరిచినప్పుడల్లా రోలరు మీది మనిషి కింద ఆసనం కిర్రుమంటోంది. అరుపు ఆగగానే, ఏదో ఒకటి మాట్లాడకపోతే తట్టుకోలేనట్టు, నన్ను పిలిచారు.

"ఆ జూనియర్ ఇంజనీరున్నాడా బయట?"

"ఉన్నాను సార్."

"ఉబ్బే బలం ఎంతని అంచనా వేశావు?"

"చదరపు అడుగుకు సుమారు టన్ను సార్."

"దేన్ని బట్టి?"

చూరునీళ్లు మెడలో పడుతుండగా, కిటికీకి వీపు పెట్టి, ఇత్తడి గిన్నె సంగతీ పురితిప్పిన మట్టి సంగతీ తూకపు రాళ్ల సంగతీ చెప్పాను. మధ్యలో ఒకసారి అమ్మాయి అరుపు. ఇద్దరం ఆగాం. అరుపు తగ్గాక ఆయనే అందుకున్నారు.

"రోలరు కింద గచ్చు లేచిందా?"

"లేవలేదు సార్."

"అంటే నీ లెక్క సరైనదే."

"సరైనదే సార్."

"మరి నేనెందుకు ఇక్కడ ఇరుక్కున్నాను?"

"బరువు రోలరు కింద ఉంది సార్. తలుపు కింద లేదు."

ఆ తరవాత వినిపించింది ఆయన గొంతు కాదు. సన్నగా, కోపంగా, గదంతా నిండిన ఏడుపు. మా ఇంజనీరుగారు నా భుజం పట్టుకున్నారు. వదిలిపెట్టడం మరిచిపోయారు.

"ఏం పుట్టింది?" అని అడిగారు రోలరు మీంచి, గోడ వైపే చూస్తూ.

"ఆడబిడ్డ సారూ" అంది నర్సమ్మ.

"డ్రైవర్ బిడ్డా, గా కోటు ఇటియ్యరాదు. పసిదానికి సలివెడ్తున్నది" అంది అత్తగారు. కోటు విప్పి, వెనక్కి తిరగకుండా, తల మీదుగా విసిరారట. అది నేరుగా ఆవిడ చేతుల్లో పడిందని నర్సమ్మ తరవాత మెచ్చుకుంది.

నర్సమ్మ సరేనన్నాక మేస్త్రీ తలుపు ఊడదీశాడు. ఆయన చొక్కాతో బయటకు వచ్చారు. తల మీద సున్నం, మోచేతుల దగ్గర పాత గ్రీజు. మా ఇంజనీరుగారు ఏదో చెప్పబోతే చెయ్యెత్తి ఆపి, నర్సమ్మను అడిగారు.

"ఈ కేంద్రం లేకపోతే ఆ అమ్మాయి ఎక్కడికి పోయి ఉండేది?"

నర్సమ్మ బండి వైపు చూపించింది. వరండా ముందే, నిలబడ్డ చోటే, దాని చక్రాలు ఇరుసు దాకా నల్లమట్టిలో దిగబడి ఉన్నాయి.

ఆయన ఆ చక్రాలను చూస్తూ చెప్పారు. "కేంద్రం మూయొద్దు. వానలు వెళ్లాక గచ్చు తీసేయండి. కింద నల్లమట్టి తవ్వి పారేసి కోహీర్ మొరం నింపండి. గోడల చుట్టూ నీళ్లు నిలవకుండా వాలుగా గచ్చు చేయండి. అంతదాకా ముందు గదిలో కాన్పులు చేసుకోనివ్వండి." జీపు ఎక్కబోతూ నా వైపు తిరిగారు. "నీ లెక్క బాగుంది. ఇకమీదట పునాది తవ్వకముందు వెయ్యి. కట్టాక వేస్తే ఇలాగే ఉంటుంది."

నా ఉద్యోగ జీవితంలో నేను విన్న సలహాల్లో పనికొచ్చింది అదే. మీకూ అదే చెబుతున్నాను.

వానలు వెళ్లాయి. పెద్ద గది తవ్వాలంటే ముందు రోలరు బయటకు రావాలి. ఎడ్ల జతలతో వెళ్లేసరికి వరండా నిండా ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. రోలరుకు పసుపు రాసి ఉంది. ముందు చక్రానికి బంతిపూల దండ. ఆ అమ్మాయికి కాన్పు సుళువుగా అయిందని, అది ఇంజన్ చలవేనని చుట్టుపక్కల ఊళ్లన్నీ పాకిందట.

"ఇంజన్ తీస్కపోతె కాన్పులెట్ల సారూ?" అని అడిగింది ఒకావిడ.

మట్టి, తేమ, బలం అంటూ నేను మొదలుపెట్టాను. వాళ్లు శ్రద్ధగా విన్నారు. విన్నాక మళ్లీ అదే ప్రశ్న అడిగారు. చివరికి నర్సమ్మే సర్దింది. ఇంజన్ ఊరు దాటిపోదు, దవాఖాన ముందే ఉంటుంది, లోపల ఉంటే దానికి ఎండ తగలడం లేదని. అలా వెనక గోడ మళ్లీ ఊడి, రోలరు వాకిట్లోకి వచ్చింది. "చూసినవా, ఏదో ఒక తీరుగ పని చేసింది గద" అన్నారు మా ఇంజనీరుగారు. మొరం మాత్రం నేను దగ్గరుండి నింపించాను. ప్రతి పొరా తడిపించి దిమ్మిస కొట్టించాను.

మరుసటి వానాకాలానికి మా ఆవిడకు నెలలు నిండాయి. పుట్టింటికి తీసుకుపోదామని మా అత్తగారు వచ్చారు. మా ఆవిడ కదలనంది. నర్సమ్మ చేతిలో తప్ప కననంది. జహీరాబాదులో దవాఖాన ఉండగా ఆ ఊరెందుకని నేను కూడా అన్నాను.

"గచ్చు మీరే కదా వేయించారు. దాని మీద మీకు నమ్మకం లేదా?" అని అడిగింది.

ఈ రకం ప్రశ్న నన్ను అడగడం ఇది రెండోసారి. ఈసారి ఉందనడానికి ముందు నా లెక్కంతా మళ్లీ ఒకసారి వేసుకున్నాను.

ముసురు పట్టిన మధ్యాహ్నం. లోపల మా ఆవిడ, నర్సమ్మ, మా అత్తగారు. నేను గొడుగు కింద వాకిట్లో. ఎంతసేపని నిలబడను? మట్టి ఎంత నీరు తాగితే ఎంత బలం చూపిస్తుందో లెక్కకట్టగలిగిన నాకు, ఆ తలుపు వెనక ఏం జరుగుతుందో ఊహించడానికి ఒక్క అంకె కూడా దొరకలేదు. ఎప్పుడు పెట్టానో తెలియదు, నా చెయ్యి రోలరు చక్రం మీద ఉంది. చూరు కింద తమలపాకు నములుతున్న ఒక ముసలమ్మ నన్నే చూస్తోంది.

"మొక్కుండ్రి సారూ. సిగ్గెందుకు?" అంది.

చెయ్యి తీసేశాను. ఆవిడ అటు తిరగ్గానే మళ్లీ పెట్టాను.

ఆ తరవాత తలుపు తెరుచుకుంది. ఎక్కడా పట్టుకోకుండా, కిర్రుమనకుండా, ఒక్క వేలితో నెట్టినట్టు తెరుచుకుంది. పై చట్రానికీ తలుపుకూ మధ్య సందు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకే తీరుగా ఉంది. వంగి గడప వైపు చూశాను. ఎక్కడా వెంట్రుకవాసి లేవలేదు. నోరు తెరుచుకుని అలా చూస్తూ ఉండిపోయాను.

గుమ్మంలో నర్సమ్మ తెల్లటి గుడ్డ మూట చేతుల్లో పట్టుకుని నిలబడి ఉంది.

"తలుపు మంచిగనే ఉన్నది సారూ" అంది. "బిడ్డను చూడుండ్రి."